షాఫ్ట్ ఊగుతుంటే పాయింట్లు ఎన్ని మార్చినా అంతే

పోయిన నెల ప్లగ్గుల గురించి రాసిన దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి భివండి పద్మనగర్ నుంచి వచ్చింది. రాసింది ఒక చెల్లె. ఇంట్లో పాత అంబాసిడర్ ఉన్నది. పెట్రోలు బండి, 1489 సీసీ ఇంజిన్. మిల్లు మూతపడ్డప్పుడు చేతికొచ్చిన పైసలతో వాళ్ల నాయన కొన్నది. ఇప్పుడు ఆ నాయననే వారానికి రెండుసార్లు దవాఖానకు తీసుకపోవాలి. తోలేది ఈ చెల్లెనే. నాలుగు నెలల నుంచి బండి మిస్సింగ్. సెల్ఫ్ కొడితే పట్టుకుంటది గానీ సిగ్నల్ దగ్గర నిలబడితే వణుకుతది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు దగ్గుతది. సీబీ పాయింట్లు మూడుసార్లు మార్చారు. మార్చినంక ఒక వారం బాగుంటది, మళ్లీ మొదలు. పీయూసీలో ఫెయిల్ అయి తిప్పి పంపారు. రిజిస్ట్రేషన్ ఐదేళ్ల గడువు దగ్గర పడుతున్నది. గ్యారేజీ ఆయన "బోర్ అయిపోయింది, భంగారుకు ఇచ్చేయండి" అన్నాడట. ఇంట్లో తమ్ముడిదీ అదే మాట. నాయన మాత్రం ఏమీ అనకుండా పోయి బండిలో కూర్చుంటున్నాడట. "అన్నా, ఇంజిన్ మీద ఆశ వదులుకునే ముందు ఇంకేమన్నా చూడాల్నా? నేను విప్పొచ్చా?" అని అడిగింది.

చూడాలి. విప్పొచ్చు కూడా. ఉత్తరంలోనే సగం జవాబు ఉన్నది. బోర్ పోయిన ఇంజిన్‌కు కొత్త పాయింట్లు వేస్తే వారం రోజులు బాగుపడదు. పాయింట్లు మార్చినప్పుడల్లా నాలుగు రోజులు తేరుకుంటున్నదంటే రోగం పాయింట్ల దగ్గరలోనే ఉన్నది, పాయింట్లలో మాత్రం కాదు. అవి దేని మీద నిలబడి ఉన్నాయో అక్కడున్నది. అంటే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్, దాని బుష్.

డిస్ట్రిబ్యూటర్ చేసే పని మన వాళ్లకు చెప్పడం సులువు. పవర్‌లూమ్ కింద వంగి చూసినవాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు. సాదా లూమ్‌లో పైన క్రాంక్ షాఫ్ట్, కింద బాటం షాఫ్ట్ ఉంటాయి గదా. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే బాటం షాఫ్ట్ ఒక చుట్టు. ఆ బాటం షాఫ్ట్ మీది క్యామ్‌లే నాడెను, ఇక్కడ మనం ధోటా అనేదాన్ని, ఒకసారి ఈ పక్క నుంచి, ఒకసారి ఆ పక్క నుంచి కొట్టిస్తాయి. దెబ్బ బలంగా పడితే చాలదు, సమయానికి పడాలి. పడుగు ఇంకా తెరుచుకోకముందే పడినా, మూసుకుంటున్నప్పుడు పడినా నాడె మధ్యలో ఇరుకుతది, పోగులు తెగుతాయి. అప్పుడు జాబర్ మోటారును తిట్టడు, బీమ్ మార్చడు. క్యామ్ చూస్తాడు, బుష్ చూస్తాడు, షాఫ్ట్ పట్టుకొని ఊపి చూస్తాడు.

అంబాసిడర్ ఇంజిన్‌లోనూ అదే లెక్క. క్రాంక్ రెండు చుట్లకు డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఒక చుట్టు. దాని క్యామ్‌కు నాలుగు మూలలు, నాలుగు సిలిండర్లకు నాలుగు. ఒక్కో మూల వచ్చి పాయింట్ మడమను తోసినప్పుడు పాయింట్లు తెరుచుకుంటాయి, కాయిల్‌లో పారుతున్న కరెంటు ఠక్కున తెగుతది. ఆ తెగడంలోనే కాయిల్ వేల వోల్టుల దెబ్బ పుట్టిస్తది. రోటర్ దాన్ని అందుకొని వంతు వచ్చిన ప్లగ్గుకు అందిస్తది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే మొత్తం 6000 స్పార్కులు, అంటే సెకనుకు 100. ప్రతిదీ దాని వేళకు పడాలి.

ఇప్పుడు బుష్ సంగతికి వస్తాను. పాయింట్ గ్యాప్ 0.015 అంగుళం, మన ఫిట్టర్ల లెక్కలో 15 థౌ. షాఫ్ట్ పక్కకు 5 థౌ ఊగుతుందనుకోండి. కంటికి దాదాపు కనిపించదు, కానీ గ్యాప్‌లో మూడో వంతు. గ్యాప్ తగ్గితే పాయింట్ ఆలస్యంగా తెరుచుకుంటది, పెరిగితే ముందుగా తెరుచుకుంటది. ఒక సిలిండర్‌కు స్పార్క్ ముందు, ఇంకోదానికి వెనక, అదీ ఒక్కో చుట్టుకు ఒక్కో తీరు. బండి వణకక ఏం చేస్తది? కొత్త పాయింట్లు వేసినవాడు షాఫ్ట్ ఎటు వాలి ఉంటే అక్కడ 15 పెట్టి మూత వేస్తాడు. నాలుగు రోజులకు కొత్త మడమ కొంచెం అరిగి కూర్చుంటది, గ్యాప్ ఇంకా తగ్గుతది, పాయింట్లు కాలుతాయి. "కంపెనీ మాల్ కాదు" అని ఇంకో సెట్ తెస్తాడు.

బండి మీద ఉండగానే పరీక్ష చేయొచ్చు. ముందు బ్యాటరీ వైరు విప్పండి. డిస్ట్రిబ్యూటర్ మూత రెండు క్లిప్పులు తీసి, రోటర్ లాగి పక్కన పెట్టండి. షాఫ్ట్ పైభాగాన్ని రెండు వేళ్లతో పట్టుకొని రేడియేటర్ వైపు, ఇంజిన్ వైపు, అడ్డంగా, నిలువుగా ఊపి చూడండి. టక్ టక్ అని చేతికి తెలిస్తే బుష్ పోయినట్టే. చేతికి తెలియకపోతే ఫీలర్ గేజ్‌తో నాలుగు మూలల దగ్గరా గ్యాప్ కొలవండి. ఇంజిన్‌ను చేత్తో తిప్పడానికి ప్లగ్గులు విప్పి, టాప్ గేర్‌లో బండిని మెల్లగా తోస్తే చాలు. ఒక మూలకు 15, ఇంకో మూలకు 11 వస్తున్నదంటే ఇక అనుమానం లేదు. ఆ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోండి, పని అయినంక పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి.

తీసే ముందు గుర్తులు పెట్టుకోవడమే ఈ పనిలో పెద్ద జాగ్రత్త. ఒకటో సిలిండర్ అంటే రేడియేటర్ వైపుది. అది కంప్రెషన్ మీద పైకి వచ్చేదాకా ఇంజిన్ తిప్పండి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెడితే గాలి తోస్తది, తెలిసిపోతది. క్రాంక్ పుల్లీ మీది గాడి, టైమింగ్ కవర్ మీది పొడుగు ముల్లుకు ఎదురుగా రావాలి. రోటర్ ఏ వైపు చూస్తున్నదో డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద గీత గీసుకోండి. ఒంటికీ ఇంజిన్ బ్లాకుకూ కలిపి ఇంకో గీత. మూత మీది వైర్లకు దారం ముడులు వేసుకోండి, ఒకటోదానికి ఒక ముడి, రెండోదానికి రెండు. ఫోన్‌తో ఫొటో తీసుకున్నా సరే, కానీ చేతులకు గ్రీజు అంటినంక ఫోన్ ముట్టుకోబుద్ధి కాదు, దారమే నయం.

డిస్ట్రిబ్యూటర్ గొంతు చుట్టూ ఒక క్లాంప్ ప్లేటు ఉంటది. దాన్ని బిగించే నట్టును వదులు చేయకండి. ఆ ప్లేటును బ్లాకుకు పట్టి ఉంచిన రెండు బోల్టులే విప్పి మొత్తం పైకి లాగండి. ఇట్లా చేస్తే టైమింగ్ చాలావరకు పోకుండా ఉంటది. అడుగున ఉండే డాగ్ మధ్యలో కాకుండా కొంచెం పక్కకు ఉంటది కాబట్టి తిరిగి పెట్టేటప్పుడు ఒక్క తీరుగానే దిగుతది. అందులో తప్పు చేసే అవకాశం ఆ ఇంజిన్ తయారు చేసినవాళ్లే ఇవ్వలేదు.

తర్వాత బయట గాలి తగిలే చోట, ఒక పాత స్టీలు తట్టలో కూర్చోబెట్టి విప్పండి. పెట్రోలుతో కడుగుతారు కాబట్టి బీడీ ఆర్పినంకనే. పాయింట్లు, కండెన్సర్, వాటి కిందున్న ప్లేటు, వ్యాక్యూమ్ డబ్బా కొక్కెం వరసగా వస్తాయి. వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చండి. ప్లేటు కింద రెండు బరువులు, రెండు స్ప్రింగులు కనిపిస్తాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ఈ బరువులు విచ్చుకొని క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి. పెట్రోలు మండడానికి కొంత సమయం పడుతుంది, ఇంజిన్ ఉరుకుతుంటే స్పార్క్ ఇంకా ముందు పడాలి గదా, దానికోసం. ఇవి తుప్పు పట్టి బిగుసుకుపోతే బండికి పికప్ ఉండదు, ఇంజిన్ వేడెక్కుతది. స్ప్రింగ్ సాగిపోతే తొందరగా ముందుకు పోయి నాకింగ్ వస్తది. రెండు స్ప్రింగులు ఒక్క తీరుగా లేవని, ఒకటి వదులుగా ఉందని గాబరా పడొద్దు. అవి అట్లనే ఉండాలి. ఒకటి మొదట పనిచేసేది, ఇంకోటి వేగం పెరిగినంక పట్టుకునేది. "సమానం చేద్దాం" అని వదులుదాన్ని కత్తిరించి వంచిన మెకానిక్కులను చూశాను. ఆ బండి మళ్లీ కుదురుగా నడిచింది లేదు.

క్యామ్‌ను షాఫ్ట్ మీది నుంచి తీసేముందు ఒకటి చూడండి. రోటర్ కూర్చునే గాడి ఏ వైపుంది, అడుగున డాగ్ పక్కకు జరిగిన వైపు ఏది అని. రెండూ కలిపి కాగితం మీద బొమ్మ వేసుకోండి. క్యామ్ అర చుట్టు తిరిగి కూర్చుంటే స్పార్క్ అంతా తప్పు సిలిండర్‌కు పోతది, బండి స్టార్టే కాదు.

డాగ్‌కు అడ్డంగా ఉన్న చిన్న పిన్నును పంచ్‌తో కొట్టి తీస్తే షాఫ్ట్ పైకి వస్తది. వాచర్లు ఎక్కడివక్కడ గుర్తు పెట్టుకోండి. షాఫ్ట్ నున్నగా ఉండి బుష్ ఒక్కటే అరిగితే అదృష్టం. షాఫ్ట్ మీద వేలితో రాస్తే గాడి తగులుతున్నదంటే అది కూడా మార్చాలి, లేదా మంచి టర్నర్‌కు చూపించాలి. మిల్లు వర్క్‌షాపుల్లో లేత్ మీద పనిచేసిన పెద్దమనుషులు మన చాళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లను వెతకండి. ఈ పనికి రోడ్డు మీది గ్యారేజీ కన్నా వాళ్ల చెయ్యే నమ్మకం. ఇంటికి పోయి "బాబాయ్, కొంచెం చూస్తారా" అంటే కాదనరు, చాలామంది ఎవరన్నా అడుగుతారా అని చూస్తున్నవాళ్లే.

బుష్ గురించి రెండు మాటలు ఆ టర్నర్‌కు కూడా గుర్తు చేయండి. అది కంచు పొడిని అదిమి చేసిన బుష్, స్పంజిలాగా ఒళ్లంతా కంటికి కనపడని రంధ్రాలు. నూనె వాటిలోనే దాగి ఉంటది. అందుకని కొత్త బుష్‌ను వేసే ముందు ఇంజిన్ ఆయిల్‌లో 24 గంటలు నానబెట్టాలి. వేసినంక బిగుతుగా ఉందని రీమర్ తిప్పకూడదు, రీమర్ తిప్పితే ఆ రంధ్రాలు మూసుకుపోయి నూనె బయటికి రాదు. షాఫ్ట్ సైజు ఉన్న నున్నని కడ్డీ లోపల పెట్టి, వైస్‌లో మెల్లగా నొక్కి దించాలి. సుత్తె వద్దు. మామూలు కంచు కడ్డీ నుంచి బుష్ చేసి ఇస్తామనే వాళ్లుంటారు. నడుస్తది, కానీ దానికి నూనె వేస్తూ ఉండాలి, ఎవరు వేస్తారు?

మళ్లీ కూర్చేటప్పుడు చిన్న వైర్లను చిన్నచూపు చూడకండి. పాయింట్ల ప్లేటు నుంచి ఒంటికి ఒక మెత్తని అల్లిక వైరు పోతది, అది ఎర్త్. వ్యాక్యూమ్ ప్లేటును లాగినప్పుడల్లా ఆ వైరు వంగుతది. ఏళ్ల తరబడి వంగి వంగి పై తొడుగు బాగానే ఉండి లోపల పోగులు తెగిపోతాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే మిస్సింగ్ వచ్చే బండ్లలో ఇదొక పెద్ద దొంగ. బయటి నుంచి వచ్చే సన్న వైరు సంగతీ అంతే. రెండింటినీ కొత్తగా వేయడమే మంచిది. అందుకు మెత్తని, సన్న పోగుల వైరు కావాలి, ఇంటి కరెంటు వైరు పనికిరాదు.

పాయింట్ల దగ్గర స్ప్రింగు, కండెన్సర్ వైరు, బయటి వైరు మూడూ ఒకదానికొకటి తగలాలి, డిస్ట్రిబ్యూటర్ ఒంటికి మాత్రం తగలకూడదు. మధ్యలో ప్లాస్టిక్ వాచర్ పెట్టేది అందుకే. వాచర్ తారుమారైతే స్పార్కే రాదు. కొత్త పాయింట్ల ముఖాల మీద పూసిన నూనెను స్పిరిట్‌తో తుడవండి. క్యామ్ మీద గ్రీజు పేనుకొద్ది చాలు. రోటర్ కింద కనిపించే స్క్రూ మీద రెండు మూడు చుక్కల నూనె వేస్తే అదే కిందికి దిగుతది, స్క్రూ విప్పక్కర లేదు. ఎక్కువ నూనె వేస్తే పాయింట్ల మీద చిమ్ముతది, అక్కడితో మళ్లీ మిస్సింగ్.

కండెన్సర్ విషయంలో నా మాట కొందరికి నచ్చదు. పాతది బాగుంటే పాతదే ఉంచండి. పాయింట్లు తెరుచుకునేటప్పుడు నిప్పు ఎగరకుండా చూసేది కండెన్సరే. చీకట్లో చూస్తే పాయింట్ల మధ్య పెద్ద నీలి మెరుపు, పాయింట్ల మీద తొందరగా గుంటలు కనిపిస్తే అది పోయినట్టు. అట్లా లేకపోతే ఇరవై ఏళ్లు పనిచేసినదాన్ని తీసి నిన్న ప్యాకెట్లో వచ్చినదాన్ని వేయడం ఎందుకు?

వ్యాక్యూమ్ డబ్బాకు పరీక్ష నోటితోనే. పైపు కొన పెట్టుకొని పీల్చితే ప్లేటు జరగాలి, నాలుకతో మూసి ఉంచితే జరిగినచోటే నిలవాలి. వదలగానే కాకుండా ముందే జారిపోతుంటే లోపలి పొర చిరిగింది. మూతను ఉతికి ఆరబెట్టి ఎండలో తిప్పి చూడండి. పెన్సిలు గీతలాంటి సన్న నల్ల గీత ఒక కొన నుంచి ఇంకో కొనకు కనిపిస్తే కరెంటు అటు దారి చేసుకున్నట్టు, ఆ మూత ఇక వద్దు. మధ్యలో ఉండే చిన్న కార్బన్ ముక్క స్ప్రింగు మీద లోపలికి, బయటికి ఆడాలి. వానల్లో భివండి రోడ్ల మీద నీళ్లు చిమ్మి ఆగిపోయే బండ్లలో చాలావాటికి ఈ మూతే కారణం.

ఇప్పుడు టైమింగ్. దీనికి మిషన్లు అక్కరలేదు, 12 వోల్టుల చిన్న బల్బు చాలు. డిస్ట్రిబ్యూటర్‌ను గుర్తుల ప్రకారం దించి, నాలుగు మూలల దగ్గరా గ్యాప్ చూసి, 15 పెట్టండి. ఇప్పుడు నాలుగూ ఒక్క తీరుగా రావాలి. బల్బు ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కు, ఇంకోటి ఇంజిన్ ఒంటికి. బ్యాటరీ కలిపి తాళం తిప్పండి. పాయింట్లు మూసి ఉంటే బల్బు ఆరి ఉంటది, తెరుచుకోగానే వెలుగుతది. టైమింగ్ కవర్ మీద పొడుగు ముల్లు సరిగ్గా పై కొస, మిగతా ముళ్లు అక్కడి నుంచి ఐదైదు డిగ్రీలు ముందు. మీ బండి పుస్తకంలో ఎన్ని డిగ్రీలు అని ఉంటే పుల్లీ గాడిని అక్కడ నిలబెట్టి, క్లాంప్ నట్టు ఇప్పుడు వదులు చేసి, ఒంటిని మెల్లగా తిప్పుతూ బల్బు సరిగ్గా వెలిగే చోట బిగించండి. మధ్యలో ఆలోచించుకోవాల్సి వస్తే తాళం తీసేయండి, పాయింట్లు మూసి ఉండగా తాళం ఎక్కువసేపు వేసి ఉంచితే కాయిల్ వేడెక్కుతది. మూత పెట్టినంక వైర్ల వరస 1, 3, 4, 2. పై నుంచి చూస్తే రోటర్ గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతది, వైర్లూ అటే పెట్టాలి.

చివరి సవరణ రోడ్డు మీద. ఇంజిన్ వేడెక్కినంక టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే సన్నగా, రెండు క్షణాలు టిక్కుటిక్కు అని పోతే సరిపోయింది. గోలీలు డబ్బాలో పోసినట్టు మోగితే టైమింగ్ కొంచెం వెనక్కి తేవాలి. వ్యాక్యూమ్ డబ్బా పక్కన గరుకు నట్టు ఉన్న డిస్ట్రిబ్యూటర్ అయితే దానితోనే ఇది చేసుకోవచ్చు, క్లాంప్ వదులు చేయక్కరలేదు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుకోమని ఇప్పుడు చాలామంది చెప్తున్నారు. మంచిదే, నేను వద్దనను. కానీ షాఫ్ట్ ఊగే డిస్ట్రిబ్యూటర్‌లో పెట్టిన కిట్ కూడా ఆ ఊగే షాఫ్ట్ చెప్పిన వేళకే స్పార్క్ ఇస్తది. ముందు బుష్, తర్వాత కిట్.

పద్మనగర్ చెల్లెకు: నీకు లూమ్ పని వచ్చునని ఉత్తరంలోనే రాశావు కాబట్టి ఇది నీ చేతిలో పనే. ఆదివారం పొద్దున మొదలుపెడితే బుష్ నానే రోజు కలుపుకొని సోమవారం సాయంత్రానికి బండి తయారవుతది. దవాఖాన రోజులు చూసుకొని మొదలుపెట్టు. పిన్ను కొట్టేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ ఒంటిని గట్టిగా పట్టుకునే చెయ్యి ఇంకోటి కావాలి, నాయనను పిలువు. 500 కిలోమీటర్లు తిరిగినంక పాయింట్ల కొత్త మడమ కుదురుకుంటది, అప్పుడు గ్యాప్ ఇంకొకసారి చూసి సరిచేయి, ఆ తర్వాతే పీయూసీకి తీసుకపో. నాలుగు మూలల గ్యాప్ ముందు ఎంత, తర్వాత ఎంత అని నాకు రాసి పంపు. అంతా ఇట్లా చేసినంక కూడా మిస్సింగ్ ఉంటే అప్పుడు కంప్రెషన్ కొలిపించు. అంకెలు చూసి బోర్ సంగతి మాట్లాడుకుందాం.

సోలాపూర్ నుంచి కార్బొరేటర్ గురించి అడిగిన అన్నకు వచ్చే నెల.